తప్పుకునేవాడు చెప్పవలసిన లెక్క

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గం వారు మమ్మల్ని విద్య విషయంలో మన బాధ్యత గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం మీద ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మీరు ఓపికగా వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి దానిని ఇంకొక వైపు నుండి చూద్దామనుకున్నాము. బాధ్యత తీసుకోవడం గురించి అందరూ చెప్తారు. తీసుకున్న దానిలో నుండి తప్పుకోవలసి వస్తే ఎట్లా తప్పుకోవాలో ఎవరూ చెప్పరు. ఆ సంగతే నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఎందుకు చెప్పదలచినామంటే, జూన్ నెలలో బడులు తెరిచిన రోజుల్లో మా ఉర్దూ మీడియం బడులకు రెండు రకాల వాళ్ళు వస్తారు. చిన్నపిల్లను చెయ్యి పట్టుకొని చేర్పించడానికి వచ్చేవాళ్ళు ఒకరు. టీసీ ఇవ్వండి సార్ అని అడగడానికి వచ్చేవాళ్ళు మరొకరు. మొదటివాళ్ళు నవ్వుతూ వస్తారు. రెండవవాళ్ళు మా ముఖం చూడలేక నేల చూపులు చూస్తారు. కొంతమంది తాము రాకుండా పిల్లవాడి మామనో, చిన్నాన్ననో పంపిస్తారు. ఇంకా కొంతమంది ఊరు మారుతున్నామని చెప్తారు. వారం గడిచేసరికి ఆ పిల్లవాడే మన బజారులోనే వేరే బడి యూనిఫారంలో కనపడతాడు. అబద్ధం ఆడవలసినంత నేరం ఏమి చేశారని? ఇది మమ్మల్ని చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న విషయం.

మన భాషలోనే ఒక చిక్కు ఉన్నది. తప్పుకున్నవాడిని గురించి చెప్పే మాటలన్నీ తిట్లే. మాట తప్పినాడు అంటాము, వెన్ను చూపినాడు అంటాము, చేతులెత్తేసినాడు, నట్టేట ముంచినాడు అంటాము. ఉర్దూలో అయితే వాదా ఖిలాఫీ అనే ఒక్క మాటతో మనిషిని పడగొట్టేస్తాము. మర్యాదగా తప్పుకున్నాడు అని చెప్పుకోవడానికి వాడుకలో మంచి మాట ఒక్కటి కూడా వెంటనే నోటికి రాదు. అందుకే తప్పుకోవలసిన మనిషి నిజం చెప్పలేక చాటుగా తప్పుకుంటాడు.

అయితే మన మదనపల్లె చుట్టుపక్కల టమోటా రైతును చూడండి. కోత కూలి, క్రేటు బాడుగ, మండీ కమీషన్ అన్నీ కలిపితే వచ్చే ధరకంటే ఎక్కువ అవుతున్నప్పుడు పండిన తోటను కోయకుండా వదిలేస్తాడు. గొర్రెలు పడి మేస్తాయి. నెలల తరబడి నీళ్ళు కట్టి పెంచిన తోటను అట్లా వదిలేయడానికి అతనికి ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్ళకు తెలుసు. కాని అతనిని పిరికివాడని ఎవరూ అనరు. ఇంకో పదివేలు మట్టిలో పోయకుండా ఆగినాడు, వచ్చే పంటకు మనిషి మిగిలినాడు అంటారు. రైతు విషయంలో మనకున్న ఈ తెలివి మిగతా విషయాల్లో ఎందుకు ఉండదు?

తప్పుకోవడం తప్పా ఒప్పా అని ఒక్క మాటలో చెప్పడం కష్టం. ఎవరు తప్పుకున్నారు, ఎట్లా తప్పుకున్నారు, ఎవరికి ఏమి లెక్క చెప్పినారు అని చూడవలసియున్నది. దీనికి మన ఊరి నుండే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. ఆయన మతం వేరు, మార్గం వేరు. ఆయన బోధనల జోలికి మేము పోము. ఆయన చేసిన ఒక్క పని మాత్రమే చెప్తాము.

జిడ్డు కృష్ణమూర్తి గారు 1895 మే నెలలో ఇదే మదనపల్లెలో పుట్టినారు. తండ్రి నారాయణయ్య గారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ గారికి ఎనిమిదవ సంతానం. ఎనిమిదవ బిడ్డ కాబట్టి కృష్ణుని పేరు పెట్టినారు. పదేళ్ళ వయసులోనే తల్లి పోయింది. తండ్రి ఉద్యోగ విరమణ తరువాత 1909లో పిల్లలను తీసుకొని మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరినాడు. అక్కడ సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న ఈ పిల్లవాడిని లెడ్‌బీటర్ అనే సమాజ పెద్ద చూచి, ప్రపంచానికి రాబోయే జగద్గురువు ఇతని ద్వారానే వస్తాడని చెప్పినాడు. అనీబిసెంటు అమ్మగారు నమ్మినారు. మన మదనపల్లెలో 1915లో కాలేజీ స్థాపించిన బిసెంటు గారే ఆమె. 1911లో ఈ పిల్లవాడి కోసం ఒక సంఘం పెట్టినారు. దానికి తూర్పు నక్షత్ర సంఘమని పేరు. దాని అధిపతి ఎవరు? పదిహేను, పదహారేళ్ళ కృష్ణమూర్తి.

గమనించండి, ఇందులో ఆ పిల్లవాడు తనంతట తాను ఇచ్చిన మాట ఏదీ లేదు. పెద్దవాళ్ళు అతని తరఫున మాట ఇచ్చేసినారు. తండ్రి తరువాత మనసు మార్చుకొని పిల్లలను తిరిగి ఇమ్మని మద్రాసు హైకోర్టుకు పోయినాడు. 1913లో అక్కడ తండ్రి గెలిచినాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో బిసెంటు గారు గెలిచినారు. పెద్దవాళ్ళ కోర్టు కాగితాల మధ్య ఇద్దరు అన్నదమ్ములు పరదేశంలో పెరిగినారు.

కాలం గడిచే కొద్దీ ఆ సంఘం చాలా దేశాలకు పాకింది. వేలకు వేలు సభ్యులు చేరినారు. హాలండు దేశంలో ఒక జమీందారు తన ఈర్డె కోటను, భూములను ఈ పని కోసం ఇచ్చేసినాడు. ప్రతి సంవత్సరము అక్కడి ఓమెన్ అనే చోట పెద్ద శిబిరం జరిగేది. ఇంతలో 1925 నవంబరులో కృష్ణమూర్తి గారి తమ్ముడు నిత్యానందం క్షయ వ్యాధితో అమెరికాలో చనిపోయినాడు. అప్పుడు అన్న ఓడలో భారతదేశానికి వస్తున్నాడు. తమ్ముడు బతుకుతాడని పెద్దలు ఇచ్చిన భరోసాను ఆయన గట్టిగా నమ్మి ఉన్నాడు. టెలిగ్రాం చేతికి వచ్చింది. నమ్మకం అక్కడ బీటలు వారింది.

అయినా ఆయన మరునాడే సంఘాన్ని విడిచి పోలేదు. ఇంకా నాలుగు సంవత్సరాలు పట్టింది. 1929 ఆగస్టు 3వ తేదీన ఓమెన్ శిబిరంలో, మూడు వేలకు పైగా సభ్యుల ముందు, ఎనభై ఒక్క సంవత్సరాల అనీబిసెంటు గారు ఎదురుగా కూర్చొని ఉండగా, ముప్పై నాలుగేళ్ళ కృష్ణమూర్తి గారు లేచి ఈ సంఘాన్ని రద్దు చేస్తున్నానని చెప్పినారు. రెండేళ్ళుగా నిదానంగా ఆలోచించి తీసుకున్న నిర్ణయమని చెప్పినారు. నాకు శిష్యులు వద్దు, సత్యానికి సంఘం కట్టి దారి వేయలేము అన్నది ఆయన చెప్పిన కారణం.

సోదరులారా, ఎవరో ఎక్కించిన సింహాసనమైనా సరే, దిగడం ఎంత కష్టమో కొంచెం ఊహించండి. ఆయన కూర్చొనే ఉండి ఉంటే జీవితాంతము గౌరవానికి, వసతికి లోటు ఉండేది కాదు. నోరు మూసుకొని ఉంటే చాలు. ఆయన దిగినారు. అయితే ఎట్లా దిగినారు అన్నదే మనకు పాఠము.

మొదటిది, ఎదురుగా నిలబడి చెప్పినారు. ఉత్తరం వ్రాసి పంపించలేదు, మధ్యవర్తిని పెట్టలేదు. ఎవరికి ఎక్కువ బాధ కలుగుతుందో ఆ మనిషి ఎదుటనే చెప్పినారు. రెండవది, కారణం నిజమైనదే చెప్పినారు. ఆరోగ్యం బాగాలేదని సాకు చెప్పి ఉంటే అందరికీ సులభంగా ఉండేది. మూడవది, తీసుకున్నది తిరిగి ఇచ్చినారు. ఈర్డె కోట, దాని భూముల్లో ఎక్కువ భాగం ఇచ్చిన ఆ జమీందారుకే తిరిగి పోయింది. పదవి వదిలినాను కాని ఆస్తి ఉంచుకుంటాను అనలేదు. నాలుగవది, తప్పుకున్న తరువాత పాతవాళ్ళను తిట్టుకుంటూ తిరగలేదు. బిసెంటు గారిని ఆయన అమ్మా అని పిలిచేవారు. 1933లో ఆమె కన్నుమూసే వరకు ఆ ప్రేమ, గౌరవం తగ్గలేదు. అయిదవది, పని మానలేదు. సంఘం పోయింది కాని ఆయన 1986 ఫిబ్రవరిలో చనిపోయేంతవరకు దేశదేశాలు తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు. మన పక్కనే ఉన్న ఋషివ్యాలీ బడికి వచ్చి పిల్లల మధ్య కూర్చునేవారు. పుట్టిన ఊరి చుట్టుపక్కల ఆయన పేరు ఈనాటికీ ఆ బడి వల్లనే నిలిచింది.

ఇదే మదనపల్లె కాలేజీలో 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు గారు కొన్ని రోజులు ఉండి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువాదం చేసిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆ తరువాత మూడు నెలలకే, మే నెలాఖరులో, జలియన్‌వాలాబాగ్ మారణకాండకు నిరసనగా ఆయన బ్రిటిషు వారు 1915లో ఇచ్చిన సర్ బిరుదును వదులుకుంటూ వైస్రాయికి ఉత్తరం వ్రాసినారు. అది కూడా తప్పుకోవడమే. బిరుదు ఇచ్చినవారికే, కారణం తేటగా చెప్పి, ఇచ్చేసినారు.

ఇంతవరకు చెప్పింది విని తప్పుకోవడం చాలా గొప్ప పని అనుకొని పోవద్దు. ఓమెన్‌లో ఆ రోజు ఏడ్చినవాళ్ళ సంగతి కూడా ఉన్నది. పద్దెనిమిది సంవత్సరాలు ఒక ఆశ కోసం ఇల్లు, వాకిలి, ఆస్తి, సమయం ఖర్చుపెట్టినవాళ్ళు ఒక్క పూటలో ఖాళీ అయిపోయినారు. సరైన నిర్ణయమైనా సరే, దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. తరచుగా దానిని భరించేది నిర్ణయం తీసుకున్నవాడు కాదు.

దీనికి మన జాతీయోద్యమంలో ఇంకొక ఉదాహరణ ఉన్నది. మన తాతల కాలంలో ఖిలాఫత్ ఉద్యమము, సహాయ నిరాకరణము చేయి చేయి కలిపి నడిచినాయి. గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు పన్ను కట్టమని నిలబడినారు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చినారు. అట్లాంటి సమయంలో 1922 ఫిబ్రవరి 4న ఉత్తరాదిన చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషనుకు నిప్పు పెట్టగా 22 మంది పోలీసులు చనిపోయినారు. వారం రోజులు గడిచేసరికి బార్డోలీలో గాంధీజీ మాట మీద ఉద్యమాన్ని నిలిపివేసినారు. పెదనందిపాడు రైతులు కూడా పన్ను కట్టవలసి వచ్చింది.

హింసకు దారి తీసే ఉద్యమం వద్దని గాంధీజీ నిలిపినారు. అయిదు రోజులు ఉపవాసం ఉండి తన వంతు బాధ తానూ తీసుకున్నారు. కాని జైళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ వార్త పిడుగులాగా తగిలింది. మోతీలాల్ నెహ్రూ, లాలా లజపతిరాయ్ వంటి పెద్దలు లోపల ఉన్నారు. అలీ సోదరులు కూడా జైలులోనే ఉన్నారు. హిందూ ముస్లిములు అంత దగ్గరగా నడిచిన దారి ఆ తరువాత మళ్ళీ అట్లా కుదరలేదు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క నిర్ణయం మీదనే వేయడం న్యాయం కాదు. అయినా ఒక్క సంగతి నేర్చుకోవలసినది ఉన్నది. కలిసి నడిచినవాళ్ళు ఉన్నప్పుడు, ఒక్కరి మనస్సాక్షి నిండితే సరిపోదు, మిగతావాళ్ళ మనస్సు కూడా పట్టించుకోవాలి.

మన ఇళ్ళలో పిల్లలకు చెప్పుకునే హుదైబియా సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. హిజ్రీ ఆరవ సంవత్సరంలో మక్కా గుమ్మం దాకా పోయి, ఉమ్రా చేయకుండానే ఒప్పందం చేసుకొని వెనక్కి తిరగవలసి వచ్చినప్పుడు సహాబాలు ఎంత దుఃఖపడినారో మీకు తెలుసు. లేవండి అని చెప్పినా ఎవరూ లేవలేకపోయినారు. అప్పుడు హజ్రత్ ఉమ్మె సల్మా గారు ప్రవక్త (స) గారికి ఇచ్చిన సలహా ఏమిటి? ఎవరితోనూ ఏమీ అనకుండా ముందు మీరు పోయి మీ ఖుర్బానీ చేయండి, తల క్షౌరం చేయించుకోండి అన్నారు. ఆయన అట్లా చేయగానే అందరూ లేచినారు. వెనక్కి తిరగడంలో కూడా ముందు నడిచేవాడు ఉండాలని, ఆ దారి చూపించింది ఇంటి ఆడమనిషి అని మన అక్కచెల్లెళ్ళు గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మళ్ళీ మా టీసీల దగ్గరికి వస్తాము.

ఉర్దూ మీడియంలో నుండి పిల్లవాడిని తీసేయడం పాపమని మేము చెప్పము. మాలో కొంతమంది ఉపాధ్యాయుల పిల్లలు కూడా ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. దాచుకోవలసినది ఏమీ లేదు. కుప్పం నుండి వచ్చినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఇంట్లో దక్కనీ, బడి బయట తెలుగు, సంతలో తమిళము, కన్నడము, బెంగుళూరుకు పనికి పోతే ఇంకొకటి. తండ్రి రైలెక్కి పోయి సంపాదించుకొచ్చి, నా కొడుకు నాలాగా కావద్దు అనుకోవడంలో తప్పేమున్నది? తోటను వదిలేసిన రైతును తిట్టనివాళ్ళము, ఈ తండ్రిని ఎట్లా తిడతాము?

కాని లెక్క చెప్పి పొమ్మంటున్నాము. ఆ లెక్క ఏమిటో కూడా వివరంగా చెప్తాము.

మొదట పిల్లవాడికి లెక్క చెప్పండి. కృష్ణమూర్తి గారి తరఫున పెద్దవాళ్ళే మాట ఇచ్చినారు, పెద్దవాళ్ళే కోర్టుకు పోయినారు, ఆ పిల్లవాడిని అడిగినవాళ్ళు తక్కువ. మనం అట్లా చేయవద్దు. నీకు ఏ పాఠం అర్థమవుతున్నది, ఏది కావడం లేదు అని కూర్చోబెట్టి అడగండి. మార్చవలసియుంటే చిన్న తరగతిలోనే మార్చండి. ఎనిమిది, తొమ్మిదికి వచ్చిన తరువాత మార్చితే, ఉర్దూలో నేర్చుకున్న లెక్కలు, సైన్సు మాటలు అక్కడ పనికి రాక, ఇంగ్లీషు మాటలు తలకెక్కక, పిల్లవాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్లు అవుతాడు. తెలివైన పిల్లలు ఇట్లా మధ్యలో మౌనంగా అయిపోవడం మేము చూచియున్నాము. మౌనంగా ఉన్న పిల్లవాడిని చూచి సోమరి అంటారు. అది సోమరితనం కాదు.

తరువాత బడికి లెక్క చెప్పండి. మీరే రండి. తల్లి వచ్చినా సంతోషమే. ఫలానా కారణం చేత తీసుకుపోతున్నామని చెప్పండి. మా చదువు బాగాలేదని మీ కారణమైతే అదే చెప్పండి. వినడానికి చేదుగా ఉంటుంది, కాని మేము సరిచేసుకోవడానికి పనికి వస్తుంది. ఊరు మారుతున్నామని చెప్పిపోతే మాకు నేర్చుకునేది ఏమీ మిగలదు. తీసుకున్న లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వండి. వేరే పిల్ల చదువుకుంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది, మిగిలిపోయే పిల్లలకు లెక్క చెప్పవలసియున్నది. కృష్ణమూర్తి గారు సంఘాన్నే రద్దు చేసినారు, అందరూ ఒక్కసారే ఇళ్ళకు పోయినారు. ఇక్కడ అట్లా కాదు. మీ పిల్లవాడు పోతాడు, బడి ఉంటుంది. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గితే ఉపాధ్యాయుడి పోస్టు వేరే బడికి పోతుంది. పోస్టు పోతే రెండు తరగతులు ఒక గదిలో కూర్చుంటాయి. అది చూచి ఇంకో నలుగురు టీసీ అడుగుతారు. చివరికి ఎవరు మిగులుతారు? ఫీజు కట్టలేని ఇంటి పిల్లలు, తండ్రి లేని పిల్లలు, దూరం పంపలేక ఉంచుకున్న ఆడపిల్లలు. వాళ్ళు ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఖర్చు మాత్రం వాళ్ళదే.

కాబట్టి తీసుకుపోయినవాళ్ళను మేము ఒక్క కోరిక కోరుతున్నాము. మీ పిల్లవాడు పోయినా మీరు మాత్రం పూర్తిగా పోవద్దు. బడి కమిటీ సమావేశానికి పిలిస్తే రండి. పరీక్షల ముందు ఒక పది నోటు పుస్తకాలు కొనివ్వగలిగితే ఇవ్వండి. ఆ బడికి ఎవరు పోతారండీ అని పెళ్ళిళ్ళలో, వలీమాలలో నలుగురి ముందు తేలికగా అనవద్దు. మీరు చదువుకున్న బడి అదే. ఆ మాట అక్కడే అన్నం తింటున్న, అదే బడిలో చదువుతున్న ఒక పిల్ల చెవిలో పడుతుంది. ఇంకొకటి, రాత్రి అన్నాల తరువాత ఒక అరగంట మీ పిల్లవాడి చేత ఉర్దూ చదివించండి, వ్రాయించండి. మీడియం మార్చినంత మాత్రాన భాషను కూడా గుమ్మం బయట పెట్టనవసరం లేదు. నానమ్మ ఉత్తరం చదవలేని మనవడు ఎంత ఇంగ్లీషు చదివినా ఇంట్లో ఒక తలుపు మూసుకున్నవాడే.

అట్లాగే మా వైపు నుండి కూడా మాట ఇవ్వవలసియున్నది. అడిగిన రోజే టీసీ ఇస్తాము. నాలుగు రోజులు తిప్పము, నాలుగు మాటలు అనము. పోయే పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, బాగా చదువుకో బేటా అని పంపిస్తాము. రేపు అక్కడ నిలబడలేక తిరిగి వస్తే, ఎందుకు వచ్చినావని అడగకుండా పేరు వ్రాసుకుంటాము.

చివరిగా సంఘ సభ్యులకు ఒక మనవి. సంఘం కూడా ఎన్నో పనులు మొదలుపెడుతుంది. అన్నీ నిలబడవు. ఏదైనా పని సాగించలేకపోతే దానిని పేరుకు మాత్రం ఉంచుకొని సంవత్సరాలు గడపవద్దు. ఇట్లాంటి సభలోనే, చందా ఇచ్చినవాళ్ళ ఎదుటనే, ఈ పని ఇక చేయలేము, మిగిలిన డబ్బు ఇంత, దీనిని ఫలానా పనికి వాడుదామా, తిరిగి ఇద్దామా అని చెప్పుకుంటే ఎవరి గౌరవమూ తగ్గదు. ఇచ్చినవాళ్ళ నమ్మకం పెరుగుతుంది. మరుసటి పనికి వాళ్ళే ముందు వస్తారు.